ఖాళీ కార్డు మీద సంతకం

“నువ్విలా నోరు విప్పకుండా ఉంటే ఎలా అక్కా? మూడింటికి మీటింగు. అప్పుడే ఎనిమిదైంది.”

పొద్దుటినుంచి బావమరిది ఆ మాట అనడం ఇది నాలుగోసారి. అక్కగారు విన్నట్టే లేదు. కిటికీ పక్కనున్న తన బల్ల దగ్గర నిలబడి, కార్డుల కట్ట అంచులు సరిచేసి, ఎగిరిపోకుండా దాని మీద బరువు పెట్టింది. కలం డబ్బాలోనే ఉంది. మూడు రోజులుగా అది ఒక్క కార్డునీ ముట్టలేదు.

ఆవిడ భర్త మున్సిపల్ ఛైర్మన్‌గారు గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని, ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండో చెప్పు సంగతి మరిచిపోయారు. కౌన్సిల్లో ఎంతమంది నోళ్ళు మూయించారో లెక్క లేదు గానీ, ఇంట్లో ఒక్క నోరు తెరిపించడం ఆయన వల్ల కావడం లేదు.

“ఏమోయ్, కాస్త టీ ఇస్తావా?” అన్నాడు, మాట కలిపినట్టూ ఉంటుందని.

టీ వచ్చింది. చక్కెర సరిగ్గానే ఉంది. మాట మాత్రం రాలేదు.

“చూశావా బావా, ఇదీ వరస. ఇంతకంటే నాలుగు తిట్టినా నయం,” అన్నాడు బావమరిది. ఇతను మొదటి వార్డు కౌన్సిలరు. బావగారికి కుడిభుజం అంటారు ఊళ్ళో. అతన్నడిగితే రెండు భుజాలూ తనే అంటాడు.

జరిగిందేమిటో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. అయినా ముగ్గురిలో ఎవరూ దాన్ని పైకి అనలేకపోతున్నారు.

ఛైర్మన్‌గారి చేతిరాత పుట్టుకతోనే పాడు. నలభై ఏళ్ళ కిందట మున్సిపాలిటీ నీళ్ళ విభాగంలో ఫిర్యాదుల గుమాస్తాగా చేరినప్పుడు, ఆ కోడిగీతలు చూసి మేనేజరు తల పట్టుకున్నాడు. జవాబులు ఇంటికి తెచ్చుకుని అవస్థపడుతుంటే, కొత్తగా కాపురానికొచ్చిన భార్య రెండు రోజులు చూసి, “ఇలా ఇవ్వండి” అని కలం లాక్కుంది. అంతే. ఆనాటినుంచి ఆయన పేరు మీద వచ్చిన ప్రతి అర్జీకీ ఒక పోస్టుకార్డు జవాబు వెళుతూనే ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు ఆవిడవి, కింద సంతకం ఆయనది. గుమాస్తా హెడ్‌గుమాస్తా అయ్యాడు, మేనేజరయ్యాడు, కమిషనరు సెలవు పెడితే ఆ కుర్చీలోనూ కూర్చున్నాడు. రిటైరైన ఏడాదే ఎన్నికలొస్తే, ఇంత మర్యాదగా జవాబు రాసే మనిషి ఇంకొకడు లేడని ఊరంతా కలిసి ఆయన్ని ఛైర్మన్‌ని చేసింది. ఒకసారి కాదు, రెండుసార్లు. కార్డుల ఛైర్మన్ అనే పేరు అలా వచ్చిందే.

రాసింది చదివే అలవాటు ఆయనకి ఎప్పుడూ లేదు. ఛైర్మన్ అయ్యాక రాసిన కార్డుల కింద సంతకం పెట్టే తీరికా పోయింది. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక, వారానికి సరిపడా వంద ఖాళీ కార్డుల మీద అడుగున సంతకాలు గీకి పడేసేవాడు. పైన ఏం రాయాలన్నది ఆవిడ ఇష్టం. ఎనిమిదేళ్ళుగా ఒక్క మాట వెనక్కి రాలేదు.

ఇప్పుడొచ్చింది. మిట్ట మీద మార్కెట్ షెడ్డులో బట్టలు కుట్టుకునే ఆవిడ, ఎవరో టేపులు పట్టుకుని కొలుస్తున్నారు, భయపడాలా అని కార్డు రాసింది. “మీ షెడ్డు జోలికి ఎవరూ రారు. నిశ్చింతగా పని చేసుకోండి” అని జవాబు వెళ్ళింది. సరిగ్గా నెల తిరిగేసరికి, ఆ షెడ్డు తీసేసి అక్కడ ఎగువ వార్డు కోసం నీళ్ళ ట్యాంకు కట్టాలని కౌన్సిల్ తీర్మానం చేసింది. దాని మీద సంతకమూ ఛైర్మన్‌దే.

“ప్లీడరు ఆ కార్డు జిరాక్సు సంపాదించాడు,” అన్నాడు బావమరిది. ప్లీడరంటే కౌన్సిల్లో ప్రతిపక్షం నాయకుడు. “మీటింగులో లేచి ఒక్కటే ప్రశ్న వేస్తాడు బావా. ఇది మీ చేతిరాతేనా అని. అవునంటే, ఒక చేత్తో షెడ్డు ఉంటుందని రాసి రెండో చేత్తో కూల్చమన్నవాడివవుతావు. అవిశ్వాసం కాయితం అతని సంచిలో రెడీగా ఉంది. కాదంటే, మరెవరిదీ రాత అంటాడు.”

“ఎవరిదని చెప్పమంటావు?”

బావమరిది అక్కవైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

ఆవిడ సొరుగు లాగింది. మడిచిన తెల్లకాయితం ఒకటి తీసి తమ్ముడి ముందు పెట్టి, గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాలుగే వాక్యాలు. “ఈ కార్డు నేను రాశాను. ఛైర్మన్‌గారికి చెప్పకుండా రాశాను. కింద సంతకం కూడా ఆయనలాగే నేనే పెట్టాను. ఇందులో ఆయన తప్పేమీ లేదు.”

బావమరిది చదివి గట్టిగా ఊపిరి వదిలాడు. “అమ్మయ్య. గండం గడిచింది. ఆడమనిషి మీద కేసులదాకా ఎవరూ పోరులే బావా. పది రోజులు అనుకుంటారు, పదకొండో రోజు మరిచిపోతారు.” ఆ మాట అంటున్నంతసేపూ వంటింటివైపు మాత్రం చూడలేకపోయాడు. అతన్ని చిన్నప్పుడు చంక దించకుండా పెంచింది ఆ అక్కే.

“సంతకం నాదిరా,” అన్నాడు ఛైర్మన్.

“అది నీకు తెలుసు, నాకు తెలుసు. మూడోవాడికి తెలియాల్సిన పనేముంది? పోనీ, ఇంకో దారి ఉంది. అసలు కార్డు ఆ కుట్టుపనావిడ దగ్గరే ఉంది. నువ్వు నోరు తెరిచి అడిగితే కాదనదు. అసలుది లేకపోతే జిరాక్సుని ఎవడు లెక్కచేస్తాడు? అక్క పేరే రాదు.”

ఛైర్మన్ రెండో చెప్పు వెతికి తొడుక్కున్నాడు.

మిట్టెక్కేసరికి ఆయనకి ఆయాసం వచ్చింది. జీపులో వచ్చేటప్పుడు ఎప్పుడూ తెలియలేదు ఆ మిట్ట ఎంత నిటారో. ఊళ్ళోకెల్లా ఎత్తైన చోటు అదే కాబట్టే ట్యాంకు అక్కడ కట్టాలన్నారు ఇంజినీర్లు.

రేకుల షెడ్డు. ఎనిమిది మిషన్లు రెండు వరసల్లో ఉన్నాయి. బళ్ళు తెరిచే రోజులు కావడంతో నీలం రంగు యూనిఫారం గుడ్డలు మోకాలెత్తున పేరుకుని ఉన్నాయి. మిషను నూనె వాసన. ఆయన గుమ్మంలో నిలబడగానే ఒక్కొక్క మిషనే చప్పుడు ఆపేసింది.

మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకున్న ఆవిడ లేచి, సూదులు తీసి, స్టూలు మీది గుడ్డముక్కలు దులిపింది. “కూర్చోండయ్యా. ఏమే, ఆ ఫ్యాను ఇటు తిప్పు.”

కోపంగా ఉంటుందనుకుని వచ్చాడు. కోపానికి తగ్గ మాటలు నాలుగు దారిపొడుగునా కూర్చుకున్నాడు. ఫ్యాను ఇటు తిప్పేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు.

“అమ్మా, నోటీసు బోర్డు మీద పెట్టాం కదా. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో చెప్పుకోమని. మీరెవరూ ఒక్క కాయితం ఇవ్వలేదు,” అన్నాడు. గుమాస్తాగా నలిగిన నోరు కదా, ముందు అదే వచ్చింది.

“వీళ్ళు ఇద్దామనే అన్నారండీ. నేనే వద్దన్నాను. ఛైర్మన్‌గారు రాసిచ్చాక మళ్ళీ కాయితం పెడితే ఆయన్ని నమ్మనట్టు ఉంటుంది, బాగుండదు అన్నాను.”

వెనక వరసలో ఒకామె కత్తెర కింద పెట్టింది. ముప్పై రోజుల గడువు పోయిన వారంతో అయిపోయింది. గడువు దాటిన అభ్యంతరాన్ని తీసుకోకూడదని రూలు. ఆ రూలు కాయితం మీద పెట్టిన రోజున ముసాయిదా రాసింది ఈయనే.

“ఆ కార్డు ప్లీడరుగారికి నువ్వే ఇచ్చావా?”

“చూపించమంటే చూపించానండీ. మా తరఫున మాట్లాడతానన్నాడు. అది తిరిగి తిరిగి మీ ఇంటి మీదకొస్తుందని నాకేం తెలుసు?” అంటూ ఆవిడ మిషను కింద సొరుగు తీసింది. దారపుండల అడుగునుంచి ఒక కట్ట బయటికొచ్చింది. గుడ్డపేలికతో కట్టిన కార్డులు, పదకొండు.

“ఇవన్నీ నావేనా?” అన్నాడు ఛైర్మన్.

“మీవేగా. చదవండి.”

ఆయన జీవితంలో తను రాసిన కార్డు చదవడం అదే మొదటిసారి. మొదటిది పదిహేనేళ్ళనాటిది. అప్పటికి మేనేజరు. “మీ వారు పోయిన సంగతి తెలిసింది. కుళాయి మీ పేరు మీదకి మార్చడానికి మీరు ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. ఈ అడుగున సంతకం పెట్టి తిప్పి పంపండి, మిగతాది నేను చూసుకుంటాను. వేళకి తినండి. పిల్లలు మీ మొహమే చూస్తుంటారు.”

ఛైర్మన్ ఆ కార్డు మళ్ళీ మొదటినుంచి చదివాడు. వేళకి తినండి. ఆఫీసులో ఆలస్యమైన ప్రతిరోజూ భార్య ఆయనతో ఫోన్లో అనే మాట అది. తనకొక్కడికే అంటుందనుకున్నాడు.

“ఇది నా రాత కాదమ్మా,” అన్నాడు.

కుట్టుపనావిడ నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వు దాచుకోలేకపోయారు.

“అయ్యా, ఏమనుకోకండి. కుళాయి గురించి రాస్తూ, చిన్నదానికి జ్వరం తగ్గిందా అని అడిగే మగవాడు ఈ ఊళ్ళో ఉన్నాడంటారా? అమ్మగారి రాతేనని మాకందరికీ ఎప్పుడో తెలుసు. మీ ప్లీడరుగారికే తెలియదు.”

ఆవిడ కట్టలోంచి అడుగు కార్డు లాగింది. మిగతావాటికంటే కొత్తగా ఉంది. “ఇదేగా మీకు కావాల్సింది? తీసుకెళ్ళండి. అమ్మగారికి మాట రాకూడదు.”

“మరి షెడ్డో?”

“ఎటూ పోయేదేగా. పోయేదానికోసం ఆవిడ్ని నలుగురిలో నిలబెట్టమంటారా?”

కార్డు ఛైర్మన్ చేతిలోకి వచ్చింది. చొక్కా జేబు జానెడు దూరంలో ఉంది. ఆయన ఆ అక్షరాలు చూశాడు, కింద తన గీతలు చూశాడు. అంత చక్కటి మాటల కింద అంత నిర్లక్ష్యంగా ఎవడు సంతకం పెట్టాడా అనిపించింది.

“నీ దగ్గరే ఉండనివ్వు తల్లీ,” అని తిరిగి ఇచ్చేశాడు.

ఆయన గుమ్మం దాటుతుంటే ఆవిడ వెనకనుంచి అడిగింది. “అమ్మగారి ఒంట్లో బాగానే ఉందా అయ్యా? పోయిన వారం ఒక కార్డు రాశాను. జవాబు రాలేదు. ఎప్పుడూ అలా జరగలేదు.”

ఇంటికొచ్చేసరికి భార్య ఆయన మీటింగు చొక్కా ఇస్త్రీ చేస్తోంది. బావమరిది కౌన్సిలర్లని కూడగట్టుకోవడానికి ఎటో వెళ్ళాడు.

“కార్డు తేలేదు,” అన్నాడు ఛైర్మన్.

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆయనవైపు చూసింది. ఎండకి కమిలిన మొహం, దుమ్ముకొట్టుకున్న కాళ్ళు.

“నడిచి వెళ్ళారా?” అంది. మూడు రోజుల తరవాత మొదటి మాట అది.

“నడిచే వెళ్ళాను.”

“కూర్చోండి. నీళ్ళు తెస్తాను.”

నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టకుండా చేతిలోనే తిప్పుతూ అడిగాడు. “నాకు చెప్పకుండా రాశానని కాయితంలో పెట్టావు. నిజమేనా?”

ఆవిడ మళ్ళీ ఇస్త్రీలో పడింది.

“నిన్నే అడిగేది. ఆ జవాబు రాసేముందు నన్ను అడిగావా లేదా?”

“అడిగాను.”

“ఏమన్నాను?”

“షెడ్డు ఏమైనా కదుపుతున్నారా అన్నాను. మీరు ఫోన్లో ఉన్నారు. అబ్బే, అదేం లేదు అన్నారు. చేత్తో ఇలా అన్నారు.” ఆవిడ చెయ్యి గాల్లో విసురుగా ఊపి చూపించింది, ఈగని తోలినట్టు.

ఆయనకి ఆ రోజు గుర్తులేదు. ఆ ఫోను ఎవరిదో గుర్తులేదు. కానీ ఆవిడ ఊపి చూపించిన ఆ చెయ్యి మాత్రం తనదే. సందేహం లేదు.

“ఆ సంగతి కాయితంలో ఎందుకు రాయలేదు?”

“మొగుడు నా మాట వినడని ఊరంతటికీ రాసుకోమంటారా?”

ఛైర్మన్‌కి నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు చెమ్మగిల్లాయి. లేచి ఆవిడ పక్కన నిలబడ్డాడు. “ఒకప్పుడు అన్నీ చెప్పేవాణ్ణి కదోయ్.”

“అన్నీ చెప్పేవారు. కంచం ముందు కూర్చుంటే చాలు, ఏ వీధిలో పైపు పగిలింది, ఎవరు ఎవరి మీద ఎగిరారు, కమిషనరు ఎవర్ని కసిరాడు, అన్నీ. మీరు చెప్పినదాంట్లోంచే నేను రాసేదాన్ని.” ఆవిడ కాలరు తిప్పి జాగ్రత్తగా రుద్దింది. “కుర్చీ ఎక్కాక మీకు ఓపిక ఉండటం లేదు. నేను అర్జీలు చదివి, పేపరు చదివి, మీరు నిద్రలో గొణిగింది విని, ఇలా అయ్యుంటుందని ఊహించి రాస్తున్నాను.”

“ఎనిమిదేళ్ళూ?”

“ఎనిమిదేళ్ళూ. తప్పు నాది కూడా. నాకు తెలియడం లేదండీ, ఇంక రాయను అని చెప్పాల్సింది. చెప్పలేదు. మీ సంతకం నా చేతిలో ఉందంటే గొప్పగా ఉండేది. చాలా ఇష్టంగా ఉండేది. దాన్ని వదులుకోవాలనిపించలేదు.”

ఇంత పచ్చిగా ఆవిడ ఎన్నడూ మాట్లాడలేదు. ఆయన ఆవిడ చేతిలోంచి ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టాడు.

“మూడు రోజులు ఉలుకూ పలుకూ లేకుండా చంపావే. తిట్టకూడదూ?”

“తిడదామనే కూర్చున్నాను. ఊరందరికీ రాసిపెట్టానా, నా సంగతికొచ్చేసరికి మాటలు దొరకలేదు.”

తరవాత ఆవిడే చొక్కా విప్పి పట్టుకుంది. ఆయన చేతులు దూర్చాడు.

“ఆ కాయితం మీటింగులో చదివేయండి,” అంది బొత్తాలు పెడుతూ. “నాకేమీ కాదు. ట్యాంకు కోసం పదేళ్ళు కాళ్ళరిగేలా తిరిగారు. మీరు కుర్చీలో లేకపోతే అది ఇంకెవరూ పట్టించుకోరు. ఎగువ వార్డువాళ్ళు బిందెలు మోస్తూనే ఉంటారు.”

ఆయన బల్ల మీది కాయితం తీసి, నాలుగు మడతలు పెట్టి, జేబులో వేసుకున్నాడు. చదువుతాననీ అనలేదు, చదవననీ అనలేదు. గుమ్మం దాకా వచ్చిన ఆవిడ అదే చూస్తూ నిలబడింది.

మూడింటికి కౌన్సిల్ హాలు కిటకిటలాడుతోంది. ప్రేక్షకుల బెంచీలు చాలక జనం కిటికీల్లోంచి తొంగి చూస్తున్నారు. ప్లీడరుగారు తెల్లటి జిరాక్సు కాయితం రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని లేచాడు.

“అధ్యక్షా, ఒక్క చిన్న సందేహం. ఇది తమరి చేతిరాతేనా?”

బావమరిది తన సీట్లోంచి జేబు తట్టుకుని సైగ చేశాడు, కాయితం తియ్యి అన్నట్టు. ఛైర్మన్ చెయ్యి జేబు దాకా వెళ్ళింది. కళ్ళద్దాలు తీసుకుని పెట్టుకున్నాడు.

“కాదు. రాత మా ఆవిడది. సంతకం నాది. ముందు సంతకం పడింది, తరవాత రాత పడింది.”

హాల్లో ఎవరో పకాలున నవ్వి, నవ్వింది తనొక్కడేనని తెలిసి ఆపేశారు.

“అంటే ఖాళీ కార్డు మీద సంతకం పెట్టారా?” ప్లీడరుగారు ఇంత తేలిగ్గా దొరుకుతుందనుకోలేదు. ఆయన మొహంలో సంతోషం కంటే కంగారు ఎక్కువగా ఉంది.

“ఒకటి కాదు. వారానికి వంద. ఎనిమిదేళ్ళుగా. ఇందులో ఆవిడ దాచింది ఏమీ లేదు. ఈ జవాబు రాసేముందు నన్ను అడిగింది. నేను వినకుండానే సమాధానం చెప్పాను. ఆ కార్డుని నమ్మి షెడ్డువాళ్ళు అభ్యంతరం పెట్టుకోలేదు, గడువు పోయింది. అది వాళ్ళ తప్పు కాదు. అందుకని ఆ తీర్మానం వెనక్కి తీసుకుని, మళ్ళీ ముప్పై రోజులు గడువివ్వాలని నేనే ప్రతిపాదిస్తున్నాను.”

బావమరిది రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. ట్యాంకు మళ్ళీ మొదటికొచ్చింది.

“మరి తమరి మీద అవిశ్వాసం సంగతి?” అన్నాడు ప్లీడరుగారు.

“ఇవాళ పెట్టడానికి లేదు ప్లీడరుగారూ. పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగంమంది సభ్యుల సంతకాలుండాలి. ఆ సంతకాలైనా కాయితం చదివాక పెట్టమనండి.”

ఈసారి హాలంతా నవ్వింది, ప్లీడరుగారు కూడా. నవ్వు తగ్గాక ఆయన కూర్చోబోతూ మళ్ళీ లేచాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. “ఎనిమిదేళ్ళలో ఇలా ఎంతమందికి ఏమేం మాటిచ్చారో మీకు తెలుసా అండీ?”

ఛైర్మన్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనకి తెలియదు.

జీపు ఇంటి మలుపు తిరిగేసరికి సాయంత్రం నీరెండ ఇంకా ఉంది. గేటు ముందు చెప్పుల గుట్ట కనబడింది. లోపల వసారాలో, మెట్ల మీద, ప్రహరీగోడ వెంట జనం. ప్రతివాళ్ళ చేతిలోనూ ఒక కార్డు. కొన్ని కొత్తవి, కొన్ని మడతలు చిరిగి అతుకులు వేసినవి. వసారా నిండా ఒకటే మాట వినబడుతోంది. మా కార్డు చెల్లుతుందా?

హాల్లో నిజం చెప్పేటప్పుడు ఈ సంగతి ఛైర్మన్‌కి తట్టనేలేదు. ఒక్క కార్డు వెనక ఉన్న సంగతి బయటపెడితే, ఊళ్ళో ఉన్న కార్డులన్నీ ఒక్కసారిగా అనుమానంలో పడ్డాయి.

భార్య గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఎవరినీ వెళ్ళమనలేదు, ఎవరికీ జవాబూ చెప్పలేదు. ఆయన దగ్గరికి రాగానే మొహంలోకి చూసింది. మీటింగు సంగతి అప్పుడే ఆవిడ చెవిన పడిందని ఆ చూపులోనే తెలిసింది.

“చదవలేదటగా,” అంది ఆయనకి మాత్రమే వినబడేటట్టు.

“లేదు.”

“నలుగురిలో నా పేరు చెప్పారట.”

“చెప్పాను. కోపమా?”

ఆవిడ తల అడ్డంగా ఊపి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, “ముందు ఆయన సంగతి చూడండి, రెండు గంటలనుంచి నిలబడే ఉన్నాడు,” అంది.

ఆయనెవరో కాదు, ఎగువ వార్డులో ఉండే ముసలి తాపీమేస్త్రి. ఒక భుజం కిందికి జారిపోయి ఉంది. ఏళ్ళ తరబడి బిందె మోసిన భుజం అది. వంగిపోయిన వేళ్ళతో కార్డు అందించాడు. ఆరేళ్ళ కిందటిది.

“మీ వార్డుకి నీళ్ళెక్కించకుండా నేను ఈ కుర్చీ దిగను. మీ ఆవిడతో నా మాటగా చెప్పండి.”

“మీరు కుర్చీ దిగిపోతారని అనుకుంటున్నారు బాబూ,” అన్నాడు మేస్త్రి. “నీళ్ళు ఇంకా ఎక్కలేదు. ఈ కార్డు రోజూ మా ముసలిదానికి చదివి వినిపిస్తున్నాను. మంచం మీద ఉంది. ఇంటికెళ్ళి ఏం చెప్పమంటారు?”

గేటు దగ్గర కదలిక వినబడింది. మెడలో టేపు తియ్యడం కూడా మరిచిపోయి, కుట్టుపనావిడ వచ్చి నిలబడింది. ఆవిడ వెనక ఏడుగురూ ఉన్నారు. ఆవిడ జనంలోంచి దారి చేసుకుని వచ్చి, ఏమీ అడక్కుండా, ఛైర్మన్ చేతిలో మేస్త్రి కార్డు పక్కన తన కార్డు పెట్టింది.

మీ షెడ్డు జోలికి ఎవరూ రారు. మీ వార్డుకి నీళ్ళెక్కించకుండా కుర్చీ దిగను. ఉన్నది ఒక్కటే మిట్ట.

మేస్త్రి ఆ రెండో కార్డు చదివాడు. కుట్టుపనావిడ మేస్త్రిది చదివింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడానికి ఇబ్బందిపడి పక్కకి చూశారు.

“రెండూ నువ్వే రాశావు,” అన్నాడు ఛైర్మన్ నెమ్మదిగా.

“రెండూ మనసారా రాశాను,” అంది ఆవిడ.

“ఇప్పుడేం రాద్దాం వీళ్ళకి?”

ఆవిడ కుర్చీలోంచి లేచి ఆయన్ని అందులో కూర్చోబెట్టింది. తను పక్కన నిలబడి, ఆయన భుజం మీద చెయ్యి వేసింది. అంతమంది ముందు ఆవిడ ఆ పని చేయడం అదే మొదలు.

“నలభై ఏళ్ళూ మీ మాట నేను చెప్పాను,” అంది. “ఈ జవాబు మీరే చెప్పాలి. నేను వింటాను.”

మేస్త్రి సరిగ్గా వినబడదేమోనని ఒక మెట్టు పైకెక్కి నిలబడ్డాడు. ఛైర్మన్ రెండు కార్డులూ రెండు చేతుల్లో పట్టుకుని నోరు తెరిచాడు. ఏం చెప్పబోతున్నాడో ఆయనకే తెలియదు.